మాయ సరే, మూల్యం ఏది?

నవల చదివి వచ్చినవాడి పక్క సీట్లో కూర్చుని సినిమా చూడటం ఒక శిక్ష. తెర మీద కత్తి మెరిస్తే 'ఇది ఇప్పుడే రాకూడదే' అంటాడు. కొత్త మొహం కనిపిస్తే 'వీడెవడు, పుస్తకంలో లేడు' అని గొణుగుతాడు. ఇంటర్వెల్‌కల్లా అతని దగ్గర ఒక ఛార్జిషీటు తయారు: తీసేసినవి ఇన్ని, కలిపినవి ఇన్ని, మార్చినవి ఇన్ని. సాంఘిక నవల విషయంలో ఈ గొడవ ఇంతగా ముదరదు. అక్కడ బస్టాండంటే బస్టాండే, వంటిల్లంటే వంటిల్లే. రచయిత వర్ణించకపోయినా అందరికీ తెలుసు. ఫాంటసీ నవలలో ఆకాశం రంగు దగ్గర్నుంచి గుర్రం డెక్కల దాకా పాఠకుడు తన తలలో తానే కట్టుకున్నవి. సొంతంగా కట్టుకున్న ఇంటిని ఎవరో వచ్చి కూలగొట్టి, అదే స్థలంలో తమకు నచ్చిన మేడ లేపితే ఊరుకుంటాడా మరి!

ఆ ఛార్జిషీటు వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ సినిమా నవలకు కట్టుబడిందో లేదో దానివల్ల తేలదు. వెయ్యి పేజీలు మూడు గంటల్లో ఇమడవు. ఏదో ఒకటి పోవాల్సిందే. పోయినదానితోపాటు కథలోంచి ఇంకేం జారిపోయిందన్నదే చూడాలి.

మంచి ఫాంటసీ నవల ఏది తీసుకున్నా అందులో మాయ ఊరికే రాదు. ఉంగరం తొడుక్కున్నవాడు ఎవరికీ కనబడడు, నిజమే. కానీ కొద్దికొద్దిగా తనకు తానే కనబడకుండా పోతాడు. కోరిక కోరినవాడికి కోరిక తీరుతుంది, దానికి బదులుగా ఒక జ్ఞాపకం చెరిగిపోతుంది. ఎవరు ఏం పొందారు, అందుకు ఏం పోగొట్టుకున్నారు అన్న లెక్క మీదే నవల నిలబడుతుంది. సినిమాకు మాయ చూపించడం ఇవాళ పెద్ద పనేం కాదు, డబ్బుంటే చాలు. దానికి కట్టిన ధర చూపించే దగ్గరే చాలామంది దర్శకులకు, అంతకంటే ఎక్కువగా నిర్మాతలకు, ధైర్యం చాలలేదు. ఫాంటసీ సినిమా నవలకు నమ్మకంగా ఉందా అని అడిగితే నేను చూసేది ఆ ఒక్క లెక్కే.

ఉంగరం మోసినవాడు

'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954-55లో మూడు సంపుటాలుగా వచ్చింది. రచయిత టోల్కీన్ బతికుండగానే సినిమా బేరాలు మొదలయ్యాయి. 1958లో ఒక సినిమా కథా ముసాయిదా ఆయన చేతికి వస్తే దాన్ని ఆక్స్‌ఫర్డ్ పంతులుగారి పద్ధతిలో పేజీ పేజీకీ ఉతికి ఆరేశారు. అవసరం ఉన్నా లేకున్నా గద్దల్ని దింపేస్తున్నారన్నది ఆయన ఫిర్యాదుల్లో ఒకటి. అదే ఉత్తరంలో ఆశ్చర్యపరిచే మాట ఇంకొకటి ఉంది. నడిచే చెట్లకూ, కోట దగ్గరి యుద్ధానికీ రెంటికీ చాలినంత చోటు లేకపోతే యుద్ధాన్నే ఎత్తేయమన్నారు. అసలు కథకు ఆ యుద్ధం అంత ముఖ్యం కాదని ఆయన ఉద్దేశం. నాలుగు దశాబ్దాల తర్వాత దర్శకుడు పీటర్ జాక్సన్ తన మూడు సినిమాల్లో రెండోదాన్ని మొత్తంగా ఆ యుద్ధం మీదే నిలబెట్టాడు. హెల్మ్స్ డీప్ కోటకు వర్షపు రాత్రి శత్రుసేన చేరడం, గోడ పేలిపోవడం, నవలలో లేని ఎల్ఫ్ విలుకాళ్లు బారులు తీరి సాయానికి రావడం... టోల్కీన్ చూసి ఉంటే ఇంకో ఉత్తరం వచ్చేదే.

అసలు మూడు సినిమాలు రావడమే గొప్ప. జాక్సన్ మొదట రెండు భాగాలుగా తీద్దామని మిరామాక్స్ సంస్థ దగ్గరికి వెళ్లాడు. ఖర్చు చూసి వాళ్లు ఒక్క సినిమాకు కుదించమన్నారు. అతను ఒప్పుకోక న్యూ లైన్ సంస్థ గడప తొక్కితే, అక్కడి అధిపతి బాబ్ షే పుస్తకాలు మూడున్నప్పుడు సినిమాలు రెండెందుకని అడిగాడట. హాలీవుడ్‌లో నిర్మాతే నిడివి పెంచమన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2001, 2002, 2003 డిసెంబర్లలో మూడూ వచ్చాయి. థియేటర్‌లో వేసిన నిడివి మొత్తం తొమ్మిది గంటల పైచిలుకు.

అన్ని గంటలున్నా ఛార్జిషీటు పెద్దదే. ఉంగరానికి లొంగని ఏకైక జీవి టామ్ బాంబడిల్ తెర మీద లేనే లేడు. బిల్బో పుట్టినరోజు పండుగకూ ఉంగరం మోసే ఫ్రోడో ఇల్లు వదలడానికీ మధ్య నవలలో 17 ఏళ్లు గడుస్తాయి. సినిమాలో అంత కాలం గడిచినట్టే అనిపించదు. గాయపడ్డ ఫ్రోడోను గుర్రం మీద ఏరు దాటించే ఘట్టంలో ఎల్ఫ్ వీరుడు గ్లోర్‌ఫిండెల్ జాగాలోకి ఆర్వెన్ వచ్చింది. అభిమానులను ఎక్కువ నొప్పించిన మార్పు ఫారమిర్‌ది. దారిన పడి ఉన్నా ఆ ఉంగరాన్ని ముట్టుకోననే మనిషి నవలలోని ఫారమిర్. సినిమాలో అతను ఆశపడి, ఫ్రోడోను బందీగా ఈడ్చుకెళ్లి, ఆఖర్లో మనసు మార్చుకుంటాడు. స్క్రీన్‌ప్లే రాసినవాళ్ల వాదన తీసిపారేసేది కాదు: అందరినీ వణికించిన ఉంగరాన్ని ఒకాయన వచ్చి 'నాకొద్దు' అనేస్తే, అప్పటిదాకా పోగుచేసిన భయమంతా గాలి తీసిన బుడగవుతుంది. వాదన సబబే. అయినా నవలలో దొరికిన ఒక పెద్దమనిషి సినిమాలో మనకు దొరకలేదు.

ఇన్ని తేడాలున్నా ఇది నవలకు కట్టుబడ్డ సినిమా అనే నేనంటాను. కారణం చివరి అరగంట. అగ్నిపర్వతం అంచున నిలబడి ఫ్రోడో ఉంగరాన్ని పారేయలేకపోతాడు. అంత దూరం మోసుకొచ్చినవాడు ఆఖరి అడుగు దగ్గర ఓడిపోతాడు. ఆ ఉంగరం కోసమే వెంటపడిన గొల్లమ్ అతని వేలు కొరికేసి ఉంగరం లాక్కుంటేనే పని జరుగుతుంది. కథానాయకుడు ఓడిపోవడమంటే ఏ స్టూడియోకైనా గుండె దడే. గొల్లమ్‌ను ఫ్రోడోనే లోయలోకి తోసేసినట్టు మొదట చిత్రీకరించి, బాగాలేదని మార్చుకున్నారు. మార్చడం వల్ల బతికిపోయారు. నవలలో గొల్లమ్ సంబరంలో కాలు జారి పడతాడు, సినిమాలో పెనుగులాటలో పడతాడు. చిన్న తేడా. తోసేసి ఉంటే మాత్రం ఫ్రోడో గెలిచినవాడయ్యేవాడు, కథ వేరే కథయ్యేది.

ఇంకో సంగతి. నవలలో నలుగురు హాబిట్లు ఊరికి తిరిగొచ్చేసరికి ఊరు ఊరులా ఉండదు. మాంత్రికుడు సారుమాన్ మనుషులు చెట్లు నరికి, మిల్లులు పెట్టి, జనాన్ని భయపెట్టి ఏలుతుంటారు. వాళ్లను తరిమికొట్టే ఆ ఘట్టాన్ని జాక్సన్ పూర్తిగా వదిలేశాడు. బదులుగా ఒక చిన్న దృశ్యం పెట్టాడు. ఊళ్లో ఎప్పటి కల్లుదుకాణమే. లోపల గోల. ఎవరో పండించిన పెద్ద గుమ్మడికాయను అందరూ మురిపెంగా చూస్తుంటారు. లోకాన్ని కాపాడి వచ్చిన ఆ నలుగురూ ఒక బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. వాళ్ల వైపు చూసేవాడు లేడు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, మాట లేకుండా కప్పులు తాకించుకుంటారు. ఊరు పాడవకపోయినా తాము మునుపటివాళ్లు కారని, ఆ గుమ్మడికాయ సంబరం తమకిక అందదని వాళ్లకు తెలిసిపోతుంది. నవలలోని ఘట్టం పోయింది, అందులోని నష్టం మాత్రం తెర మీద మిగిలింది. ఫ్రోడో గాయం మానదు, ఓడెక్కి వెళ్లిపోతాడు. ఎన్ని ముగింపులు పెట్టాడురా బాబూ అని అప్పట్లో జోకులు పేలాయి గానీ, ఆ ముగింపులన్నీ పాత బాకీల చెల్లింపులే. మూడో సినిమాకు వచ్చిన 11 ఆస్కార్లలో స్క్రీన్‌ప్లేకు వచ్చింది కూడా ఒకటి.

టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్ ఇందుకు ఒప్పుకోలేదు. తండ్రి రాతప్రతులను సవరించి ప్రచురించడానికే జీవితం ధారపోసిన ఆయన, కుర్రకారు కోసం తీసిన యాక్షన్ సినిమాగా మార్చేశారని 2012లో ఒక ఫ్రెంచి పత్రికతో వాపోయారు. గుర్రపుదళాల సంగతిలో ఆయన మాట నిజం. ఫ్రోడో ఓడెక్కే రేవు సంగతిలో కాదు.

అదే జాక్సన్ అదే టోల్కీన్‌తో ఏం చేశాడో 'హాబిట్' చూస్తే తెలుస్తుంది. 1937లో పిల్లల కోసం వచ్చిన 300 పేజీల చిన్న పుస్తకం. దాన్ని 2012 నుంచి 2014 దాకా మూడు సినిమాలుగా, దాదాపు ఎనిమిది గంటలు సాగదీశారు. వెయ్యి పేజీలకు తొమ్మిది గంటలైతే 300 పేజీలకు ఎనిమిదా? పుస్తకంలో లేని లెగొలాస్ వచ్చాడు. ఏ పుస్తకంలోనూ లేని టారియెల్ వచ్చింది, ఆమెకో ప్రేమకథ కూడా. విచిత్రమేమిటంటే నవలలోని సంఘటనలు దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి; ఛార్జిషీటు పట్టుకుని చూస్తే 'తీసేసినవి' గడి ఖాళీయే. పీపాల్లో ఏరు దాటడం ఉంది, డ్రాగన్‌తో మాటకారితనం ఉంది, చీకట్లో పొడుపుకథల పోటీ ఉంది. ఆ పోటీ వరకూ నిజంగా బాగుంది కూడా. మిగతాచోట్ల కిందపడితే దెబ్బ తగలదు, ఎత్తు మీంచి దూకితే కాలు విరగదు. నొప్పే లేనిచోట ధరేముంటుంది? 2015లో అభిమానులే కత్తెర పట్టి, మూడు సినిమాలను నాలుగు గంటలకు కుదించి, టారియెల్ ప్రేమను ఎత్తేసి ఇంటర్నెట్‌లో పెట్టుకున్నారు. చట్టం సంగతెలా ఉన్నా వాళ్ల ఎడిటింగ్ తీర్పు సరైనదే.

పేరు తీసేయమన్న రచయిత

జర్మన్ రచయిత మిఖాయెల్ ఎండే 1979లో 'అంతులేని కథ' అన్న నవల రాశాడు. పుస్తకమే ఒక వస్తువులా ఉంటుంది. బాస్టియన్ అనే లావుపాటి, తల్లిలేని, బడి పిల్లలు ఏడిపించే కుర్రాడు ఒక పుస్తకాన్ని దొంగిలించి బడి అటకెక్కి చదువుతాడు. అతని లోకం ఒక రంగు సిరాలో, అతను చదివే లోకం ఇంకో రంగు సిరాలో, ఎరుపు, ఆకుపచ్చల్లో అచ్చువేశారు. 26 అధ్యాయాలు, ఒక్కొక్కటి రోమన్ అక్షరమాల వరుసలో ఒక్కో అక్షరంతో మొదలవుతుంది. సరిగ్గా సగానికి వచ్చేసరికి బాస్టియన్ పుస్తకంలోకే వెళ్లిపోతాడు.

వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ 1984లో తీసిన సినిమా దాదాపు అక్కడే ఆగిపోతుంది. తీసిన సగం బాగానే తీశాడు. బురదలో కూరుకుపోతున్న గుర్రాన్ని, బాస్టియన్ చదివే కథలోని వీరుడు అట్రేయు కళ్లెం పట్టి లాగుతూ బతిమాలే దృశ్యం ఒక తరం పిల్లలకు నిద్ర పట్టనివ్వలేదు. కానీ నవల అసలు సంగతి రెండో సగంలో ఉంది. పుస్తకంలోకి వెళ్లిన బాస్టియన్‌కు ఏది కోరితే అది జరుగుతుంది. అందగాడవుతాడు, బలశాలి అవుతాడు, రాజవ్వాలనుకుంటాడు. ఒక్కో కోరికకు ఒక్కో జ్ఞాపకం పోతుంది. తాను లావుగా ఉండేవాడినని మర్చిపోతాడు. తర్వాత బడిని, అమ్మను, నాన్నను, ఆఖరికి తన పేరును. అలా అన్నీ పోగొట్టుకున్నవాళ్లు ఉండే ఊరొకటి ఉంటుంది అందులో. అర్థంలేని అక్షరాలతో ఆడుకుంటూ తిరుగుతుంటారు. పిల్లల పుస్తకాల్లో అంత భయం పుట్టించిన ఊరు నేను ఇంకోటి చదవలేదు.

సినిమా చివర ఏమవుతుంది? బాస్టియన్ కోరిక కోరుకుంటాడు. వెంటనే తెల్లటి కుక్కమొహం డ్రాగన్ ఎక్కి మన లోకంలోకే ఎగిరొచ్చి, తనను ఏడిపించిన పిల్లల్ని సందుల్లో తరుముతాడు. వాళ్లు చెత్తకుండీలోకి దూకుతారు. హాల్లో చప్పట్లు. కోరికకు ధర లేదు, పైగా పగ తీర్చుకునే సదుపాయం. కోరికలు మనిషిని ఎలా తినేస్తాయో చెప్పిన నవలను కోరుకో, పొందు అన్న ప్రకటనగా మార్చారు. ఎండే మండిపడ్డాడు. తన పేరు తీసేయమన్నాడు, విలేకర్ల సమావేశం పెట్టాడు, కోర్టుకెక్కాడు, ఓడిపోయాడు. తెర మీది అట్రేయు దుస్తులు పుస్తకంలోలా ఉన్నాయా అని కొలిచేవాళ్లకు ఆ కోపం అర్థం కాదు.

ఇంకా దారుణం 2007 నాటి 'గోల్డెన్ కంపాస్'. ఫిలిప్ పుల్‌మన్ నవల 'నార్తర్న్ లైట్స్' దీనికి మూలం. ఆ లోకంలో మనిషి ఆత్మ ఒక జంతువై పక్కనే నడుస్తుంటుంది. లైరా అనే పిల్ల తన నేస్తం రోజర్‌ను వెతుక్కుంటూ ఉత్తర ధ్రువ ప్రాంతం దాకా పోతుంది, నానా అగచాట్లు పడి విడిపిస్తుంది, తండ్రి దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ తండ్రికి ఇంకో లోకానికి దారి తెరవడానికి ఒక పిల్లవాడి ప్రాణం కావాలి. రోజర్‌ను చంపి దారి తెరుస్తాడు. కాపాడాననుకున్న పిల్లే నేస్తాన్ని చావు దగ్గరికి నడిపించింది. నవల ఆగేది ఆ గుండెకోత మీద.

సినిమాలో లైరా, రోజర్ ఆశగా ఆకాశనౌకలో పోతుండగా తెర పడుతుంది. చివరి అధ్యాయాలు చిత్రీకరించి మరీ పక్కన పెట్టారు, రెండో సినిమా మొదట్లో వాడుకోవచ్చని. మతసంస్థ మీద నవల చేసే దాడిని కూడా మెత్తబరిచారు. అయినా అమెరికాలో కొన్ని క్రైస్తవ సంఘాలు చూడొద్దని పిలుపునిచ్చాయి. నవలాభిమానులేమో నీరుగార్చారని తిట్టారు. రెండు పక్కలా చెడ్డారు. 18 కోట్ల డాలర్లు పెట్టిన సినిమా సొంత దేశంలో 7 కోట్లు రాబట్టింది. విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ మాత్రం వచ్చింది. రెండో సినిమా రానేలేదు, పక్కన పెట్టిన ముగింపు పక్కనే ఉండిపోయింది. 2019లో అదే నవల సీరియల్‌గా వచ్చినప్పుడు మొదటి సీజన్‌ను రోజర్ చావుతోనే ముగించారు. దాంతో జనం టీవీ కట్టేసి పోలేదు, మూడు సీజన్లూ నడిచింది.

ఇక్కడ 'విజర్డ్ ఆఫ్ ఓజ్' గురించి ఒక మాట, ఎందుకంటే నా వాదనకు అది కొంచెం అడ్డం తిరుగుతుంది. ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన కథలో డొరతీ నిజంగానే ఓజ్‌కు వెళ్లొస్తుంది; ఎంజీఎం వాళ్ల 1939 సినిమాలో అదంతా కల. వెండి జోళ్లు కెంపు జోళ్లయ్యాయి, టెక్నికలర్‌లో ఎరుపు బాగా పలుకుతుందని. బామ్ కథలో ఇంటికి ఎగిరొచ్చేటప్పుడు ఆ జోళ్లు ఎడారిలో జారిపోయి శాశ్వతంగా పోతాయి. కలలో అలాంటి నష్టం ఉండదు. లెక్క ప్రకారం నేను ఈ సినిమాను తప్పుపట్టాలి. పట్టలేను. బామ్ తన మొదటి పేజీల్లో కాన్సస్ పొలాన్ని, ఇంటిని, చివరికి పిన్ని కళ్లను కూడా బూడిదరంగులో చెబుతాడు. సినిమా ఆ భాగమంతా రంగుల్లేకుండా మట్టిఛాయలో నడిచి, డొరతీ తలుపు తీయగానే రంగుల్లోకి మారుతుంది. వాక్యాన్ని ఇంత తు.చ. తప్పకుండా తెరమీదికి తెచ్చిన సినిమా మళ్లీ చూడలేదు. ఇల్లే స్వర్గం అన్న సినిమా నీతి మాత్రం బామ్‌కు అంటగట్టొద్దు. ఆయన ఆరో పుస్తకంలో డొరతీ పిన్నినీ బాబాయినీ తీసుకుని ఓజ్‌కే మకాం మార్చేస్తుంది.

విలన్‌ను చంపేస్తే సరిపోతుందా

ఉర్సులా లెగ్విన్‌కు రెండుసార్లు దెబ్బ తగిలింది. ఆమె 'ఎర్త్‌సీ' దీవుల్లో జనం ఎక్కువగా గోధుమ, నలుపు ఛాయలవాళ్లు. కథానాయకుడు గెడ్‌ది రాగిరంగు. 2004లో అమెరికన్ టీవీవాళ్లు తెల్లటి నటుణ్ని పెట్టి తీసేశారు. ఆమె ఊరుకోలేదు, తన లోకానికి సున్నం కొట్టేశారని బహిరంగంగా రాసింది. రెండేళ్లకు జపాన్‌లోని జిబ్లీ స్టూడియో నుంచి కార్టూన్ సినిమా వచ్చింది. దర్శకుడు హయావో మియాజాకి కాదు, ఆయన కొడుకు గోరో. సినిమా చూశాక లెగ్విన్ అతనితో మర్యాదగానే మాట్లాడింది: ఇది నా పుస్తకం కాదు, నీ సినిమా, బాగుంది అని. తర్వాత తీరిగ్గా రాసినప్పుడు అసలు బాధ బయటపెట్టింది. తన కథల్లో చీకటి మనిషి లోపల ఉంటుంది. సినిమాలో దాన్ని బయటికి లాగి ఒక విలన్‌కు తొడిగారు, అతణ్ని చంపేస్తే సమస్య తీరిపోయింది. గెడ్ తన గర్వంతో విడిచిపెట్టిన నీడ అతని మొహం మీద చెరగని మచ్చలు వేస్తుంది నవలలో. ఆ మచ్చలను ఏ విలన్ చావూ చెరపలేదు.

అదే స్టూడియోలో, తండ్రి మియాజాకి 2004లో తీసిన 'హౌల్స్ మూవింగ్ కాజిల్' చూడండి. బ్రిటిష్ రచయిత్రి డయానా విన్ జోన్స్ 1986 నవల అది. ఛార్జిషీటు రాస్తే పేజీలు చాలవు. నవలలో మాంత్రికుడు హౌల్ అసలు ఊరు వేల్స్, మన లోకంలోంచే వెళ్లాడు. సినిమా ఆ సంగతే ఎత్తదు. నవలలో కోట బొగ్గుల్లాంటి రాళ్ల బురుజులతో జారుతూ తిరుగుతుంది. సినిమాలో కోడికాళ్లు వేసుకుని గజగజలాడుతూ నడుస్తుంది. ఇరాక్ యుద్ధం మీద కోపంతో ఉన్న మియాజాకి, నవలలో పెద్దగా లేని యుద్ధాన్ని తెచ్చి కథ నడిమధ్య పెట్టాడు. ఊళ్ల మీద బాంబులు, ఆకాశమంతా ఇనుప ఓడలు. ఇంత మార్చినా జోన్స్ మెచ్చుకుంది.

ఎందుకు మెచ్చుకుందో ఊహించొచ్చు. కథలో రెండు బేరాలున్నాయి. శాపం తగిలి సోఫీ అనే పిల్ల ముసలమ్మ అవుతుంది. హౌల్ తన గుండెను ఒక అగ్నిభూతానికి ఇచ్చేసి ఉంటాడు. మియాజాకి ఈ రెంటినీ వదల్లేదు. చిన్నప్పటి హౌల్ రాత్రి మైదానంలో రాలుతున్న చుక్కను దోసిట పట్టి మింగడం, రొమ్ములోంచి మంటను బయటికి తీయడం ఆ సినిమా గుండెకాయ. నవలలో సోఫీ తిరిగి పడుచుపిల్ల అయ్యాక ఎర్రబంగారు జుట్టు మళ్లీ వస్తుంది. సినిమాలో వయసు తిరిగొస్తుంది, జుట్టు మాత్రం వెండిగానే ఉండిపోతుంది. నవల తిరిగిచ్చినదాన్ని మియాజాకి తిరిగివ్వలేదు, ధర ఇంకాస్త పెంచాడు.

మన దగ్గర ఈ నమ్మకద్రోహపు తగాదా పెద్దగా పుట్టలేదు. 'మాయాబజార్' 1957లో వచ్చినప్పుడు, వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదుకదా అని టికెట్ వాపసు అడిగినవాడు లేడు. మన మాయకథలు చాలామటుకు నోటిమాటగా, హరికథగా, నాటకంగా మారుతూ వచ్చినవే. చెప్పేవాడు మార్చడం కథ హక్కు. 1951 నాటి 'పాతాళభైరవి'కి మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లోని ఒక కథ ఆధారం. ఆ కాశీమజిలీలే ఒక యతి దారిపొడవునా మజిలీ మజిలీకీ గోపకుర్రాడికి చెప్పే కథలాయె. రచయిత పింగళి, దర్శకుడు కె.వి. రెడ్డి దాన్ని తమ ఇష్టం వచ్చినట్టు మలుచుకున్నారు. కానీ లెక్క తప్పలేదు గమనించండి: కోరింది ఇచ్చే పాతాళభైరవి బొమ్మ ఊరికే రాదు, సాహసవంతుణ్ని బలిస్తేనే వస్తుంది. నేపాళ మాంత్రికుడు అందుకే కథానాయకుడు తోటరాముణ్ని వెతికి పట్టుకొచ్చాడు. ఆఖరికి బలయ్యేది మాంత్రికుడే, అది వేరే సంగతి. ఈమధ్య మనవాళ్లు ఇంకో అడుగు వేసి ముందు సినిమా తీసి తర్వాత నవల రాయించారు. 'బాహుబలి' విడుదలయ్యాక ఆనంద్ నీలకంఠన్ శివగామి కథను 2017లో నవలగా తెచ్చారు. సినిమా నవలకు కట్టుబడలేదన్న మాటే రాదు!

లావు పుస్తకం, సన్న సినిమా

మన పిల్లలకు మాత్రం ఈ తగాదా హ్యారీ పోటర్‌తో వచ్చేసింది. నగరాల్లో ఆంగ్ల పుస్తకం చదివినవాళ్లు, టీవీలో డబ్బింగ్ సినిమా చూసినవాళ్లు ఒకే ఇంట్లో ఉంటారు, ఇద్దరి హ్యారీలూ ఒకటి కారు. ఏడు పుస్తకాలు 1997 నుంచి 2007 దాకా, ఎనిమిది సినిమాలు 2001 నుంచి 2011 దాకా. రెండో పుస్తకం చిన్నది. దాని సినిమా 161 నిమిషాలతో అన్నింటికన్నా పొడుగు. ఐదో పుస్తకం అన్నింటికన్నా లావు. దాని సినిమా 138 నిమిషాలే, అంతకంటే పొట్టిది ఆఖరి సినిమా ఒక్కటే. మొదటి రెండూ తీసిన క్రిస్ కొలంబస్ పుస్తకాన్ని పక్కన పెట్టుకుని గీత దాటకుండా తీశాడు. మూడోది తీసిన అల్ఫోన్సో క్వారోన్ గీతలన్నీ దాటేశాడు. దొంగదారుల పటం గీసిన నలుగురు ఎవరో కూడా అతని సినిమా చెప్పదు. అయినా ఆ ఎనిమిదింట్లో సినిమా అనిపించుకునేది అదే.

అల్లరి దయ్యం పీవ్స్‌కు నటుణ్ని పెట్టి, చిత్రీకరించి, కత్తిరించేశారు. ఇంటిపని చేసే ఎల్ఫ్‌ల విముక్తి కోసం హ్యారీ నేస్తం హెర్మయినీ చేసే ఉద్యమం లేదు. కాలు విరిగి కూడా లేచి నిలబడి 'ముందు మమ్మల్ని చంపు' అనే తెగువ పుస్తకంలో ఇంకో నేస్తం రాన్‌ది. సినిమాలో ఆ మాట హెర్మయినీకి ఇచ్చేశారు. పాపం రాన్, సినిమా సినిమాకూ జోకర్ అవుతూ వచ్చాడు.

ఇవన్నీ ఛార్జిషీటు సంగతులే. లెక్క సంగతికి వస్తే డాబీ ఉన్నాడు. పుస్తకాల్లో రెండో భాగం నుంచి వస్తూపోతూ ఉండే ఈ ఎల్ఫ్, సినిమాల్లో రెండోదాంట్లో కనిపించి మళ్లీ ఏడో కథలోనే తేలతాడు. హ్యారీని కాపాడి కత్తిపోటుతో చచ్చిపోతాడు. మంత్రదండం ఒక్కసారి ఊపితే గొయ్యి తవ్వుకుంటుంది. హ్యారీ పార పట్టుకుని, చెమట కారుతుంటే, చేతులతోనే తవ్వుతాడు. పుస్తకంలో ఆ తవ్వకం చాలాసేపు సాగుతుంది, తవ్వుతూ తవ్వుతూ అతనిలో ఏదో గట్టిపడుతుంది. సినిమాలో క్లుప్తంగానే అయినా ఉంది: ఇసుక ఒడ్డు, చిన్న శవం, మంత్రం లేకుండా పాతిపెడతానన్న మాట. ఆ కొద్ది నిమిషాల కోసం ఆ సినిమా తప్పులు చాలా క్షమించాను.

చివరి సినిమాను క్షమించలేను. వోల్డెమార్ట్ జీవితమంతా చావును తప్పించుకోవడానికే ఖర్చుపెట్టాడు. ఆత్మను ముక్కలు చేసి దాచాడు. అందుకే రచయిత్రి రౌలింగ్ అతణ్ని పెద్ద హాల్లో, అందరి ముందూ, తెల్లవారే వెలుగులో మామూలు మనిషిలా నేలకూల్చింది. పేరు పలకడానికే లోకం వణికిన మాంత్రికుడు ఉత్త శవమయ్యాడు. శవాన్ని తీసి పక్క గదిలో పెడతారు కూడా. అంత మామూలుతనమే అతనికి పడ్డ శిక్ష. సినిమాలో చుట్టూ ఎవరూ లేని బయటి ఆవరణలో ఇద్దరే కొట్టుకుంటారు, అతను నల్లటి పొరలు పొరలుగా ఊడి గాల్లోకి ఎగిరిపోతాడు. 3డీలో విడుదలైన సినిమా మరి. చూడటానికి గొప్పగానే ఉంది. మరణానికి భయపడి రాక్షసుడైనవాడికి అందరిలాంటి మరణం దక్కకుండా చేసి, సినిమా అతని పక్షమే వహించింది.

ఇప్పుడు హెచ్‌బీఓ వాళ్లు పుస్తకానికో సీజన్ లెక్కన మళ్లీ మొదలుపెట్టారు. 2025లో చిత్రీకరణ మొదలైంది. చోటు బోలెడు కాబట్టి పీవ్స్ రావచ్చు, ఎల్ఫ్‌ల ఉద్యమం రావచ్చు, రాన్‌కు తన మాట తనకు దక్కవచ్చు. గంటలు పెరిగినంత మాత్రాన నమ్మకం పెరగదని 'హాబిట్' చెప్పే ఉంది. నాకు మాత్రం ఒక్కదాని మీదే ఆసక్తి: ఏడో సీజన్ దాకా ఆ సీరియల్ నడిస్తే, శవాన్ని హాల్లో పడుకోబెడతారా, మళ్లీ గాల్లోకే ఊదేస్తారా?